పోర్న్ అందరి ఫోన్లలో ఉంది, దాని గురించి మాట్లాడేదెవరు?

నరసరావుపేట_కామర్స్:
నేను డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. ఈమధ్య మా కాలేజీలో ఆరోగ్య సదస్సు పెట్టి ఒక డాక్టరు గారిని పిలిచాం. పేర్లు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు రాసి అట్టపెట్టెలో వెయ్యమని పిల్లలకి చెప్పాం. రక్తహీనత, గ్యాస్ట్రిక్, నిద్ర పట్టకపోవడం లాంటివి వస్తాయనుకున్నాం, వచ్చాయి కూడా. కానీ ఫైనలియర్ అబ్బాయిల పెట్టె తెరిస్తే ఎక్కువ చీటీలు పోర్న్ గురించే. "రోజూ చూస్తే పిల్లలు పుట్టరా సార్", "చూడకపోతే నిద్ర పట్టట్లేదు, ఇది జబ్బా", "వీడియోల్లో ఉన్నట్టే అంతసేపు నిజంగా ఉంటుందా". ఇవి సరే, ఏదో ఒక జవాబు చెప్పొచ్చు. ఒక చీటీ మీద మాత్రం "అమ్మాయి ముందు వద్దంటుంది, తర్వాత ఒప్పుకుంటుంది, బయట కూడా అంతేనా" అని ఉంది. నోట్‌బుక్ చింపిన కాయితం, చక్కటి రాత, ఏ వెటకారమూ లేదు. ఆ కుర్రాడు నిజంగానే అడుగుతున్నాడు.

ప్రిన్సిపాల్ గారు చీటీలు చూసి "అవి పక్కన పెట్టండి, టైమ్ అయిపోయింది" అన్నారు. డాక్టరు గారు కూడా హిమోగ్లోబిన్ గురించి చెప్పి వెళ్లిపోయారు. చీటీలు నా బీరువాలోనే ఉన్నాయి. వీళ్లందరికీ ఓటు హక్కు వచ్చింది, ఇంకో నాలుగైదేళ్లలో పెళ్లిళ్లు చేసుకుంటారు. వీళ్లకి ఎవరు ఏం చెప్పాలి? దయచేసి "బ్యాన్ చెయ్యాలి, సంస్కృతి పాడైపోయింది" అని ఒక లైను రాసి వెళ్లిపోవద్దు. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

రాత్రి_బండి:
మాస్టారూ, మంచి టాపిక్ తీశారు. నా వయసు నలభై దాటింది కాబట్టి కొంచెం వెనక సంగతి చెప్తాను. మా రోజుల్లో బస్టాండు పుస్తకాల షాపులో వారపత్రికల కింద దాచి అమ్మే పిన్ను కొట్టిన పుస్తకాలు ఉండేవి, తర్వాత వీడియో క్యాసెట్లు, ఆ తర్వాత ప్లైవుడ్ క్యాబిన్లు కట్టిన నెట్ సెంటర్లు. స్మార్ట్‌ఫోన్ ఇంత చవక కాకముందు సెల్ షాపులో మెమరీ కార్డు ఇస్తే పాటలు, సినిమాలతో పాటు "అవి కూడా వెయ్యమంటావా" అని మెల్లగా అడిగి వేసిచ్చేవాడు. అంటే ఇది కొత్తగా ఊడిపడింది కాదు. కానీ అప్పట్లో ప్రతిదానికీ మధ్యలో ఒక మనిషి ఉండేవాడు. షాపువాడి మొహం చూడాలి, డబ్బులివ్వాలి, తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనన్న భయం ఉండేది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఆ మధ్య మనిషి పోయాడు. అంతకుముందు ఒక జీబీకి రెండొందలు, మూడొందలు పెట్టినవాళ్లం, రోజుకో జీబీ ఖర్చుపెట్టడం అలవాటు చేసుకున్నాం. రెండేళ్లు తిరిగేసరికి, అంటే 2018లో, పోర్న్‌హబ్ అనే పెద్ద పోర్న్ సైటు తన వార్షిక లెక్కల్లో అమెరికా, బ్రిటన్ తర్వాత ఎక్కువమంది వచ్చే దేశం ఇండియా అని రాసుకుంది. ఆ సైటు గొప్పలకి రాసుకుందే అనుకున్నా, మన ఊళ్లు చూస్తే నమ్మబుద్ధవుతుంది.

కాబట్టి నా ఉద్దేశం ఏంటంటే, చూసేవాళ్లు చెడ్డవాళ్లు, చూడనివాళ్లు మంచివాళ్లు అని లెక్కలు వేసుకునే దశ ఎప్పుడో దాటిపోయింది.

నెట్‌వర్క్_మనిషి:
బ్యాన్ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తా, నేను ఇంటర్నెట్ సర్వీసు కంపెనీలో పనిచేస్తున్నాను. 2015 జులై 31న కేంద్రం 857 సైట్లు ఆపమని ఆర్డరు ఇచ్చింది, గోల గోల అయ్యింది, నాలుగైదు రోజుల్లోనే వెనక్కి తగ్గి పిల్లల మీద తీసిన దారుణమైన వాటిని ఆపితే చాలన్నారు. మళ్లీ 2018 సెప్టెంబరులో డెహ్రాడూన్‌లో స్కూలు అమ్మాయి మీద జరిగిన అత్యాచారం కేసులో ఉత్తరాఖండ్ హైకోర్టు పాత ఆర్డరు ఎందుకు అమలు చెయ్యలేదని అడిగింది. ఆ లిస్టులో 30 సైట్లలో అసలు పోర్నే లేదని తేలితే అవి తీసేసి మిగతా 827 ఆపమన్నారు. ఆపాం కూడా. ఆపడమంటే ఏముంది, ఎక్కువ చోట్ల సైటు పేరు అడిగినప్పుడు అడ్రసు చెప్పకుండా ఉండటమే. పెద్ద సైటు అప్పటికప్పుడు పేరు చివర అక్షరాలు మార్చి ఇంకో అడ్రసుతో వచ్చేసింది. ఇలాంటి అడ్డు దాటించే వీపీఎన్ అంటే తెలియని కాలేజీ కుర్రాడు ఇవాళ ఎవడున్నాడు చెప్పండి.

అసలు నష్టం ఇంకోటి. సైట్లు ఆగాక జనం టెలిగ్రామ్ గ్రూపులకి పోయారు. అక్కడ వయసు అడిగేవాడు లేడు, వీడియో ఎవరిది, ఎలా వచ్చింది అని అడిగేవాడు అసలే లేడు. "లోకల్", "తెలుగు", "లీక్డ్" అని పేర్లు పెట్టి అమ్ముతున్నారు. అందులో ఉన్న అమ్మాయి పక్క కాలనీలో ఉంటుంది, తన వీడియో అక్కడుందని తనకే తెలియదు.

ఫ్రిస్కో_తెలుగోడు:
డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం, ఇక్కడ తెలుగువాళ్లు ఎక్కువని మీకు తెలుసు కదా. టెక్సాస్‌లో 2023లో చట్టం చేశారు, పెద్దల సైటులోకి వెళ్లాలంటే వయసు రుజువు చూపించాలి. పోర్న్‌హబ్ ఒప్పుకోక 2024 మార్చిలో టెక్సాస్ మొత్తానికి సైటు మూసేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2025 జూన్‌లో చట్టమే గెలిచింది. బ్రిటన్‌లో కూడా అదే ఏడాది జులై నుంచి వయసు తనిఖీ పెట్టారు. వినడానికి బాగుంది, మైనర్లని ఆపాలనే ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కానీ డ్రైవింగ్ లైసెన్సు ఫొటో ఎవడికో ఇవ్వాలంటే భయం ఉంటుంది, ఆ భయం ఉత్తది కాదు. 2025లోనే డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ కోసం పనిచేసే వేరే కంపెనీ దగ్గర్నుంచి 70 వేల మంది దాకా ఐడీ ఫొటోలు బయటికి పోయాయి, అవి వయసు రుజువు కోసం జనం ఇచ్చినవే.

ఇంకో మాట. ఇక్కడ స్కూల్లో లైంగిక విద్య క్లాసు పెట్టాలంటే తల్లిదండ్రులు సంతకం పెట్టాలి. మా కాలనీలో మనవాళ్లు కొంతమంది "మా పిల్లకి ఇవన్నీ ఎందుకు" అని పెట్టరు. ఇంట్లో చెప్తారా అంటే చెప్పరు. అమెరికా వచ్చినా ఆ ఒక్క విషయంలో గుంటూరులో ఉన్నట్టే ఉంటాం.

నాలుగో_గోడ:
అందరూ కలిసి అతి చేస్తున్నారని నాకనిపిస్తోంది. పెద్దవాళ్లు తమ గదిలో తాము ఏం చూసుకుంటే ఎవరికేంటి? 2015లో పోర్న్ సైట్లు ఆపాలని వేసిన కేసులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తే, నాలుగు గోడల మధ్య చూసుకునేవాణ్ణి మేమెలా ఆపగలం అన్నట్టు మాట్లాడారు. 2023లో కేరళ హైకోర్టు కూడా ఒకడు తన ఫోన్లో తానొక్కడే చూసుకుంటే నేరం కాదని తీర్పిచ్చింది. పోర్న్ వల్ల సంసారాలు కూలిపోతున్నాయని ప్రతి యూట్యూబ్ చానల్లో ఒకాయన చెప్తుంటాడు. అమెరికాలో ఒకే మనుషులని ఏళ్ల తరబడి అడుగుతూ చేసిన సర్వే ఉంది, పెళ్లయ్యాక కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్లలో విడాకుల అవకాశం 6 శాతం నుంచి 11 శాతానికి పెరిగిందని తేలింది. దాన్ని పట్టుకుని "చూశారా, రెట్టింపు" అంటారు. సంసారం అప్పటికే బాగోలేక చూడటం మొదలుపెట్టి ఉండొచ్చు కదా? ఏది ముందో ఏది వెనకో ఆ లెక్క చెప్పదు. నేను పోర్న్‌ని పొగడటం లేదు, మనిషిని దొంగలా చూడొద్దంటున్నా అంతే.

చిన్నకోడలు:
నాలుగో గోడ గారూ, నాలుగు గోడల మధ్య మీరొక్కరే ఉండరండీ. ఇంకో మనిషి కూడా ఉంటుంది. నేను రాద్దామా వద్దా అని చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను.

మా ఆయన మంచివారు. తిట్టరు, కొట్టరు, జీతం ఇంట్లోనే ఇస్తారు. పెళ్లయిన కొన్నాళ్లకి రాత్రుళ్లు నేను పడుకున్నాననుకుని ఫోన్ చూసేవారు, వెలుగు బయటికి రాకుండా దుప్పటి తల మీదికి లాక్కుని, చెవిలో ఒక్క ఇయర్‌ఫోన్ పెట్టుకుని. రెండోది ఎందుకు పెట్టుకోరో నాకు తర్వాత అర్థమైంది, నేను లేస్తే వినపడాలని. ఆ వీడియోలు చూడటం నాకు కష్టం కలిగించలేదంటే అబద్ధం, కానీ అంతకంటే ఎక్కువ బాధ ఏంటంటే నెలల తరబడి నా వైపు తిరగలేదు. నేనే లావయ్యాననుకున్నా, నల్లగా ఉన్నాననుకున్నా, అన్నం మానేసి ఏవేవో పొడులు తాగాను. అమ్మకి చెప్తే "మగాళ్లంతే, బయటికి పోవట్లేదు కదా, సర్దుకుపో" అంది. దానికేం జవాబు చెప్పాలి?

చివరికి ఆయన్నే నేరుగా అడిగాను. గొడవ అయ్యింది, రెండు రోజులు మాటల్లేవు. ఆ తర్వాత ఆయనే చెప్పారు, హాస్టల్ రోజుల నుంచీ ఆఫీసు టెన్షన్ అయినా, అప్పు టెన్షన్ అయినా, ఏ టెన్షన్ వచ్చినా ఇదొక్కటే తెలిసిన మార్గమని, నా దగ్గరికి రావాలంటే భయంగా ఉంటోందని. ఇద్దరం కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాం. ఫోన్లు రెండూ రాత్రి హాల్లోనే చార్జింగ్ పెడుతున్నాం. అంతా సెట్ అయిపోయిందని చెప్పను. కానీ ఇప్పుడు అడిగితే చెప్తారు. నాకు కావలసింది అదే.

నాలుగో_గోడ:
మేడమ్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీలాంటి పరిస్థితిలో "నా గది నా ఇష్టం" అనే మాట పనికిరాదు, ఒప్పుకుంటాను. నేరం వేరు, భార్యాభర్తల మధ్య నిజాయితీ వేరు. నేను మాట్లాడింది మొదటిదాని గురించి.

మనోవైద్యం_విజయవాడ:
సైకియాట్రిస్టుని. మాస్టారి చీటీలకి నాకు తెలిసినంతవరకు జవాబులు రాస్తాను.

రోజూ చూస్తే పిల్లలు పుట్టరన్నది అబద్ధం. హస్తప్రయోగం వల్ల కూడా సంతానానికి ఏమీ కాదు, నరాలు బలహీనపడవు, రక్తం తగ్గదు. ఇది గట్టిగా చెప్పండి, ఎందుకంటే ఈ భయం మీద బతికే వ్యాపారం చాలా పెద్దది. రైలు పట్టాల పక్క గోడల మీద రాతలు చూసే ఉంటారు, ఫలానా తారీఖున ఫలానా లాడ్జిలో డాక్టరు గారు దొరుకుతారు అని. "ధాతు నష్టం" అని భయపెట్టి పొట్లాలు కట్టిస్తారు, అందులో ఏముంటుందో ఎవరికీ తెలియదు. మా దగ్గరికి వచ్చేసరికి కుర్రాడి దగ్గర డబ్బూ ఉండదు, ధైర్యమూ ఉండదు.

ఇది జబ్బా అనే ప్రశ్న కొంచెం చిక్కుది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితాలో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తన అని ఒకటి చేర్చారు. దాన్ని మద్యం, సిగరెట్ లాంటి వ్యసనాల పక్కన పెట్టలేదు, కోరికని ఆపుకోలేని సమస్యల్లో పెట్టారు. రోజుకు ఎన్ని గంటలు చూశాడన్నది కాదు అక్కడ కొలత. మానాలనుకుని మళ్లీ మళ్లీ మానలేకపోవడం, చదువు, ఉద్యోగం, ఇల్లు పట్టించుకోకపోవడం, అందులో సుఖం పోయినా ఆగలేకపోవడం, ఇదంతా ఆరు నెలలో అంతకంటే ఎక్కువో సాగడం, అది లెక్క. "తప్పు చేస్తున్నాను" అనే అపరాధ భావం ఒక్కటే ఉంటే జబ్బు అనొద్దని కూడా అందులోనే స్పష్టంగా రాశారు. ఆ ఒక్క వాక్యం నా ఓపీలో సగం మందికి సరిపోతుంది. ఇది పాపమని గట్టిగా నమ్మేవాళ్లు కాస్త చూసినా తాము బానిసలమైపోయామని అనుకుంటారని అమెరికాలో జాషువా గ్రబ్స్ అనే సైకాలజిస్టు చేసిన పనిలో తేలింది. మన దగ్గర ఆ సంగతి కళ్లారా చూస్తున్నాను. శనివారం ఉపవాసం ఉండి, శుక్రవారం రాత్రి చూసినందుకు చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పినవాళ్లున్నారు. అక్కడ నేను వైద్యం చెయ్యాల్సింది ఆ డిప్రెషన్‌కి.

అలాగని సమస్యే లేదని కాదు. నిజంగా అదుపు తప్పినవాళ్లు వస్తారు. వాళ్లతో నేను ముందు మాట్లాడేది వీడియోల గురించి కాదు, ఏ టైములో చూస్తున్నారు, దానికి పది నిమిషాల ముందు ఏం జరిగింది అని. ఒంటరిగా ఉన్నప్పుడా, బాస్ తిట్టినప్పుడా, రిజల్ట్ పోయినప్పుడా. అది దొరికితే దారి దొరుకుతుంది. ఫోన్ పడకగదిలోకి రాకుండా చూసుకోవడం పైకి చిన్న పనే గానీ బాగా పనిచేస్తుంది. బెంగళూరు మానసిక వైద్యశాల నిమ్‌హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ అలవాట్ల కోసం 2014 నుంచీ షట్ క్లినిక్ అని నడుస్తోంది. అంత దూరం వెళ్లలేనివాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఖమ్మం_కుర్రాడు:
డాక్టర్ గారూ థాంక్యూ, ఇంత క్లియర్‌గా ఎవరూ చెప్పలేదు. నాకు 22. మా ఫ్రెండ్స్ గ్రూపుల్లో పరిస్థితి చెప్తాను, పెద్దవాళ్లకి తెలియదు. చూడటం అనేది అసలు విషయమే కాదు మాకు, అది అందరికీ మామూలే. భయం వేసేది ఏంటంటే, ఒక అమ్మాయి పేరు న్యూస్‌లో రాగానే "వీడియో ఉందా, లింక్ పెట్టు బ్రో" అని మెసేజ్‌లు మొదలవుతాయి. 2019 నవంబర్లో శంషాబాద్ దగ్గర ఆ డాక్టరమ్మాయిని చంపినప్పుడు ఊరూరా కొవ్వొత్తుల ర్యాలీలు జరిగాయి. అదే వారం ఆమె పేరు పోర్న్ సైట్లలో ట్రెండింగ్ అని వార్తలొచ్చాయి. ర్యాలీలో నడిచినవాళ్లూ వెతికినవాళ్లూ వేర్వేరు మనుషులని నేను అనుకోలేకపోతున్నా. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

ఇప్పుడు ఏఐ వచ్చాక అసలు వీడియో కూడా అక్కర్లేదు. 2023లో రష్మిక మందన్న డీప్‌ఫేక్, అంటే ఏఐతో మొహం మార్చిన వీడియో, వచ్చాక ప్రధాని దగ్గర్నుంచి అందరూ డీప్‌ఫేక్‌ల గురించి మాట్లాడారు, తర్వాత రెండు నెలలకి ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది మన గుంటూరు జిల్లా కుర్రాణ్ణి, ఇన్‌స్టాలో ఫాలోవర్లు పెంచుకోవడానికి చేశానన్నాడట. హీరోయిన్ కాబట్టి ఢిల్లీ పోలీసులు వచ్చారు. మా క్లాసులో అమ్మాయి ఫొటోతో ఎవడైనా చేస్తే ఎవరొస్తారు? ఆ అమ్మాయిని ఇంట్లోవాళ్లు కాలేజీ మాన్పిస్తారు, అంతే జరిగేది.

కోర్టుహాలు:
తమ్ముడూ, నువ్వన్న చివరి మాటకి కోపం రావాలి అందరికీ. లాయరుగా రెండు ముక్కలు చెప్తా, కాలేజీలో ఇది తప్పకుండా చెప్పాలి మాస్టారూ.

పెద్దవాళ్లు ఇష్టపడి తీసుకున్న వీడియోని తన ఫోన్లో చూసుకోవడం వేరు, పంపడం వేరు. వాట్సాప్‌లో ఒక్కరికి ఫార్వర్డ్ చేసినా ఐటీ చట్టం 67ఎ కిందికి వస్తుంది, మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. "నేను తియ్యలేదు సార్, వచ్చింది పంపాను" అంటే కుదరదు. ఆడవాళ్ల ఒంటిని వాళ్లకి తెలియకుండా తీసినా, వాళ్లు ఒప్పుకుని తీయించుకున్నదాన్ని ఒప్పుకోకుండా పంపినా, భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఉంది, మొదటిసారి ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ల దాకా శిక్ష. చాలామంది కుర్రాళ్లు "తనే పంపింది కదా నాకు" అంటారు. నీకు పంపింది, ఊరికి కాదు. ఆ సెక్షన్ చెప్పేది అదే.

పద్దెనిమిది నిండని పిల్లలవైతే చూడటానికీ, ఫోన్లో ఉంచుకోవడానికీ కూడా మినహాయింపు లేదు. మద్రాసు హైకోర్టు 2024 జనవరిలో ఒక కేసు కొట్టేస్తే, సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబర్ 23న ఆ తీర్పుని పక్కన పెట్టింది. అసలు దాన్ని పోర్న్ అనొద్దు, పిల్లల మీద జరిగిన దోపిడీకి సాక్ష్యం అది అన్నట్టుగా చెప్పింది. 2019 నుంచి అమెరికా సంస్థ ఒకటి ఇలాంటివి ఎక్కడ అప్‌లోడ్ అయ్యాయో మన జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీకి సమాచారం పంపుతోంది, అక్కడి నుంచి రాష్ట్రాల పోలీసులకి వస్తుంది. గ్రూపులో ఎవడో పెట్టాడు, నాకేంటి అనుకుని ఊరుకోకండి, బయటికి వచ్చి రిపోర్ట్ చెయ్యండి.

నెట్‌వర్క్_మనిషి:
లాయరు గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. 2020 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక కాలమ్ వచ్చింది, పోర్న్‌హబ్‌లో పిల్లలవి, అత్యాచారాలవి వీడియోలు ఎలా ఉండిపోతున్నాయో, తియ్యమని బతిమాలినా మళ్లీ ఎలా వస్తున్నాయో రాశారు. పది రోజులు తిరక్కుండా వీసా, మాస్టర్‌కార్డ్ డబ్బు ఆపేశాయి. ఎవరు పెట్టారో తెలియని వీడియోలన్నీ సైటు తీసేసింది, కోటీ ముప్పై లక్షల్లో కోటి దాకా పోయాయి. అంటే నాలుగింట మూడొంతులు ఎవరివో, ఎవరి ఇష్టంతో పెట్టారో ఆ కంపెనీకే తెలియకుండా నడిపింది. కాబట్టి చూసేవాడు "ఎవరికీ నష్టం లేదు కదా" అనుకుంటే, ఆ మాట అనడానికి వాడి దగ్గర ఆధారమే లేదు. పోర్న్ గురించి నాకు నీతి పాఠాల మీద నమ్మకం లేదు గానీ ఈ ఒక్కటి మాత్రం ప్రతి చూసేవాడూ ఆలోచించాలంటాను, ఆ మనిషి ఒప్పుకుందని నీకెలా తెలుసు?

రాత్రి_బండి:
ఇది నాకు కొత్త కోణం. నేను మొదట రాసినదాంట్లో మధ్య మనిషి పోయాడన్నాను కదా, అసలు వీడియోలో ఉన్న మనిషి గురించి మాట్లాడాల్సింది.

పెద్దమ్మ_కాకినాడ:
నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. గైనిక్ ఓపీలో ఎక్కువ కాలం ఉన్నాను. మగవాళ్లందరూ చట్టాలు, సైట్లు మాట్లాడుతున్నారు, మంచిదే. నేను చూసింది చెప్తాను.

పెళ్లయిన వారానికే అమ్మాయిని తీసుకుని వస్తారు, అత్తగారో అమ్మో పక్కన ఉంటుంది, ఏమయ్యిందంటే "జ్వరం" అంటారు. కర్టెన్ లాగి ఒక్కదాన్నే అడిగితే ఏడుస్తుంది. గాయాలుంటాయి, భయంతో ఒళ్లు బిగుసుకుపోయి ఉంటుంది. అబ్బాయిని పిలిచి అడిగితే వాడికీ కళ్లలో నీళ్లు. "ఇలాగే చెయ్యాలనుకున్నానమ్మా" అన్నాడొకడు. ఆ అబ్బాయి దుర్మార్గుడు కాదు. వాడికి తెలిసిన ఒకే ఒక పాఠం ఆ వీడియో, అందులో అమ్మాయికి ఎప్పుడూ నొప్పి ఉండదు, భయం ఉండదు, కాసేపాగమని ఎవరూ అనరు. ఒక్కోసారి అమ్మాయి కూడా చూసే ఉంటుంది. తను కూడా అలాగే ఉండాలేమో, ఆగమంటే మొగుడు చిన్నబుచ్చుకుంటాడేమో అని నోరు మెదపదు. అమ్మాయిలు చూడరనుకుంటున్నారా, చూస్తారు, వాళ్లని అడిగేవాళ్లే లేరు.

మాస్టారూ, మీ నాలుగో చీటీకి జవాబు నన్నడిగితే ఇది. వద్దంటే వద్దనే. తర్వాత ఒప్పుకున్నట్టు కనపడేది సినిమా కోసం చేసింది, బయట అలా కనపడితే అది భయంతో ఊరుకోవడం. పెళ్లయినా అంతే. ఈ నాలుగు వాక్యాలు చెప్పడానికి డాక్టరు కూడా అక్కర్లేదు, మీరే చెప్పొచ్చు.

ఫ్రిస్కో_తెలుగోడు:
అమ్మా, మీరు రాసింది ప్రింటు తీసి ప్రతి పెళ్లి కార్డుతో పంపాలనుంది నాకు. నిజంగానే చెప్తున్నాను.

నరసరావుపేట_కామర్స్:
అందరికీ నమస్కారం. పెద్దమ్మ గారూ, మీ జవాబు చీటీ వెనక రాసి పెట్టుకున్నాను. 2007లో కేంద్ర ప్రభుత్వ కౌమార విద్య కార్యక్రమాన్ని మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, గుజరాత్ లాంటి రాష్ట్రాలు మన సంస్కృతికి పడదని ఆపేశాయని బీఈడీలో చదువుకున్నాను. అప్పుడు ఆపినవాళ్లు పిల్లలకి పాఠం తప్పించామనుకున్నారు, పాఠం తప్పలేదు, చెప్పేవాడు మారాడు.

ప్రిన్సిపాల్ గారితో మళ్లీ మాట్లాడాను. మొదట ఒప్పుకోలేదు, తల్లిదండ్రులు గొడవ చేస్తారని. లాయరు గారు రాసిన ఫార్వర్డ్ సంగతి, ఐదేళ్లు, పది లక్షలు, అది చూపించాక ఆగి చదివారు. "రేపు మన కాలేజీ కుర్రాడి మీద కేసు పడితే మనమేం చెప్పామని అడుగుతారు సార్" అన్నాను. ఒప్పుకున్నారు. అబ్బాయిలకి వేరుగా, అమ్మాయిలకి వేరుగా, చివర్లో గంటసేపు ఇద్దరికీ కలిపి. కలిపి పెట్టడం గురించి స్టాఫ్ రూములో ఇంకా వాదన నడుస్తోంది. నేను మాత్రం పట్టు వదలను, ఎందుకంటే వద్దు అంటే ఏంటో అబ్బాయిలు అమ్మాయిల నోటే వినాలి.

ఒక సహాయం కావాలి. అమ్మాయిల్లో ఎవరైనా తన వీడియో బయటికి వచ్చిందని వస్తే ఆ నిమిషంలో మేం ఏం చెయ్యాలి? లెక్చరర్లం, మాకు కాళ్లూ చేతులూ ఆడవు.

కోర్టుహాలు:
మొదట ఆ అమ్మాయిని "నువ్వెందుకు తీసుకున్నావు" అని అడగొద్దు, అది పోలీసు స్టేషన్లో కూడా అడగకూడని ప్రశ్న. చాట్లు డిలీట్ చెయ్యనివ్వద్దు, భయంతో అందరూ చేసే పని అది. నంబరు, ప్రొఫైల్, లింకు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తియ్యండి. వీడియోని మాత్రం మీ ఫోన్లోకి పంపించుకోవద్దు, సాక్ష్యం కోసమైనా సరే. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకి వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా పెట్టొచ్చు. బెదిరించి డబ్బు గుంజుతుంటే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి, డబ్బు మాత్రం ఇవ్వొద్దు, ఒకసారి ఇస్తే ఇంకా అడుగుతారు. తెలంగాణలో అయితే షీ టీమ్స్ ఉన్నాయి.

ఫిర్యాదుతో పాటు ఆ యాప్‌కి కూడా రిపోర్ట్ కొట్టాలి. నగ్నంగా ఉన్నవి, మార్ఫింగ్ చేసినవి బాధితులు అడిగితే 24 గంటల్లో తీసెయ్యాలని 2021 ఐటీ రూల్స్‌లోనే పెట్టారు, 2026 ఫిబ్రవరిలో ఆ గడువుని రెండు గంటలకి తగ్గించారు. ఇంకా స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది, పద్దెనిమిది దాటినవాళ్లకి. ఆ ఫొటో తన ఫోన్లోనే ఉంటుంది, ఎక్కడికీ పంపక్కర్లేదు, దాని నుంచి ఒక సంఖ్యల గుర్తు తయారుచేసి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివాటికి ఇస్తారు, అదే ఫొటో మళ్లీ ఎక్కిస్తే పట్టుకుంటారు. టెలిగ్రామ్ దగ్గర ఇంత సులువు కాదు, అందుకే పోలీసు ఫిర్యాదు తప్పనిసరి.

చిన్నకోడలు:
ఇంకో మాట కలపండి సార్. ఆ అమ్మాయిని ఆ రాత్రి ఒంటరిగా ఉంచొద్దు. ఇంట్లో చెప్పలేకపోతే హాస్టల్లో ఎవరో ఒకరు పక్కన పడుకోవాలి.

మనోవైద్యం_విజయవాడ:
చిన్నకోడలు గారు చెప్పింది నిజం. మొదటి రెండు మూడు రోజులే ప్రమాదం ఎక్కువ. మాస్టారూ, మీ సదస్సు శనివారం మధ్యాహ్నం పెట్టగలిగితే నేను వస్తాను, ఫీజు ఏమీ వద్దు. అబ్బాయిలు చేతులెత్తి అడగరు, మళ్లీ అదే అట్టపెట్టె పెట్టండి.

పెద్దమ్మ_కాకినాడ:
అమ్మాయిల దగ్గరికి నేనొస్తాను. గుంటూరులో మా చెల్లెలుంది, ముందురోజు వచ్చి అక్కడ దిగుతాను. వాళ్లకి కూడా ఒక పెట్టె పెట్టండి మాస్టారూ, మొదటిసారి అబ్బాయిల చీటీల గురించే రాశారు.

నరసరావుపేట_కామర్స్:
అమ్మాయిల పెట్టె కూడా ఉందండీ, మొదటిసారి దాన్ని లేడీ లెక్చరర్ గారు తెరిచి వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. ఇవాళ అడిగాను. చాలా చీటీలు ఖాళీగా మడిచి వేశారట. శనివారం ఖాయం చేస్తున్నాను, వివరాలు మీ ఇద్దరికీ మెసేజ్‌లో పంపుతాను.